జిడ్డు కృష్ణమూర్తి: మస్తిష్కవిచారము

జిడ్డు కృష్ణమూర్తిగారు 1895 మే నెలలో మదనపల్లెయందు నారాయణయ్య, సంజీవమ్మ దంపతులకు ఎనిమిదవ సంతానముగా జన్మించిరి. బాల్యమున మలేరియా జ్వరములచే కృశించిరి; పాఠము మనసున నిలువనందున మందమతియని పాఠశాలలో దండింపబడిరి. 1909లో తండ్రితో అడయారు చేరగా, దివ్యజ్ఞానసమాజమువారు ఆ బాలుని భావి జగద్గురువుగా భావించి పెంచిరి. 1922లో కాలిఫోర్నియాలోని ఓహాయియందు శిరస్సునను, మెడవెనుకను తీవ్రవేదన ననుభవించిరి. 1929లో తమకై ఏర్పడిన సంఘమును తామే రద్దుచేసిరి.

చరకసంహిత శిరస్సును ఉత్తమాంగమనియు, హృదయమును చైతన్యస్థానమనియు చెప్పినది. ఆధునికశాస్త్రము మస్తిష్కమునే జ్ఞానక్రియలకు మూలముగా నిర్ణయించినది. సుమారు 1400 గ్రాముల మస్తిష్కమున దాదాపు 8600 కోట్ల నాడీకణములు కలవు. అది వెన్నుపాము, నాడుల ద్వారా దేహమంతటిని నడపును. పూర్వానుభవము స్మృతిరూపమున అందు నిలిచి ఆలోచనను పాతదారినే నడిపించునని కృష్ణమూర్తిగారు తలచిరి. అంతర్దృష్టి కలిగినచో నాడీకణములే మారునని 1980లో భౌతికశాస్త్రవేత్త డేవిడ్ బోమ్‌తో జరిపిన సంభాషణలలో ప్రతిపాదించిరి. అభ్యాసముచే నాడీకణసంధులు మారునని నేడు సిద్ధించినది. అంతర్దృష్టిమాత్రమున తత్క్షణమే మారుననుట ప్రయోగములచే సిద్ధింపలేదు. ఈ రెంటిని కలిపి చెప్పుట శాస్త్రమునకును, ఆయనకును న్యాయము కాదు.

1986 ఫిబ్రవరి 17న ఓహాయియందే 90 ఏండ్ల వయసున దేహము చాలించిరి. భయపడిన మనసు నేర్వజాలదని ఆయన జీవితాంతము బోధించిరి. మదనపల్లె చేరువనున్న ఋషివ్యాలీ విద్యాలయము, నాడు దండనల నెరిగిన ఆ బాలుని ఆశయమునకు నిలయమైనది.