షేక్స్పియరు మహాకవి

ఇంగ్లండు దేశమున ఏవన్ నదీతీరమున స్ట్రాట్‌ఫర్డు అను చిన్న పట్టణము కలదు. విలియం షేక్స్పియరు 1564వ సంవత్సరము ఏప్రిలు మాసమున ఆ పట్టణమున జన్మించెను. తండ్రి జాన్ షేక్స్పియరు చేతితొడుగులు కుట్టించి విక్రయించు వర్తకుడు. తల్లి మేరీ ఆర్డెన్. ఈ దంపతులకు అంతకుముందు కలిగిన ఇరువురు ఆడుశిశువులు పసితనముననే మరణించిరి. విలియమునకు మూడుమాసములు నిండకమునుపే పట్టణమున ప్లేగు ప్రవేశించెను. ఆ యేడు సుమారు 200 మంది దానికి బలియైరి. అదృష్టవశమున ఆ యింట ఎవరికిని హాని కలుగలేదు.

జాన్ షేక్స్పియరు 1568లో పట్టణపాలకుడయ్యెను. అట్టి వారి బిడ్డలకు ఆ యూరి పాఠశాలలో ఉచితముగా చదువు చెప్పెడివారు. విలియము అచటనే చదివెనని చరిత్రకారులు తలంచుచున్నారు. ఆనాటి పాఠశాలలలో వేసవియందు ఉదయము ఆరు గంటలకే పాఠము లారంభమయ్యెడివి. ప్రధానవిద్య లాటిను భాష. బాలురు వ్యాకరణము వల్లించి, రోమను కవుల కావ్యములను కంఠస్థము చేసి, వానిని ఇంగ్లీషులోనికి మార్చి, మరల లాటినున వ్రాయవలసియుండెను. తప్పినచో బెత్తపు దెబ్బలు తప్పవు.

ఆ కవులలో షేక్స్పియరు హృదయమును మిక్కిలి ఆకర్షించినవాడు ఓవిడ్. ఆ కవి చెప్పిన కథలలో పిరమస్, థిస్బి అను ప్రేమికుల కథ యొకటి. వారు బాబిలోను నగరమున ఇరుగుపొరుగు ఇండ్లవారు. పెద్దలు వారి వివాహమునకు సమ్మతింపలేదు. గోడలోని బీటగుండ రహస్యముగా మాటలాడుకొని, ఒకనాటి రాత్రి ఇల్లు విడిచిపోవ నిశ్చయించుకొనిరి. థిస్బి సింహము వాతబడెనని పొరపడి పిరమస్ ప్రాణములు విడిచెను. తిరిగివచ్చిన థిస్బి అతని ననుసరించెను. పాఠశాలలో నాటుకొనిన ఇట్టి కథలు అతని మనసున చిరకాలము నిలిచియుండెను.

అంతలో తండ్రి స్థితి క్షీణించెను. విలియము విశ్వవిద్యాలయమునకు పోలేదు. 1582లో తన పదునెనిమిదవ యేట ఆన్ హాథవేను వివాహమాడెను. సుసాన అను కుమార్తెయు, పిదప హామ్‌నెట్, జూడిత్ అను కవలలును వారికి జన్మించిరి. కొంతకాలమునకు అతడు భార్యాబిడ్డలను స్ట్రాట్‌ఫర్డున విడిచి, లండను నగరమునకు పోయి, నటుడుగను నాటకకర్తగను జీవనము సాగించెను.

1592 నాటికి అతని పేరు నగరమున వినవచ్చుచుండెను. విశ్వవిద్యాలయమున పట్టము పొందిన రాబర్ట్ గ్రీన్ అను రచయిత పేర వెలువడిన పుస్తకమున, పండితుల విద్యను అపహరించి మిడిసిపడు నటుడని షేక్స్పియరు అధిక్షేపింపబడెను. అతడు కలహమునకు దిగక తన రచన సాగించెను. ఆ యేటనే లండనున ప్లేగు వ్యాపించుటచే నాటకశాలలు మూతపడెను. అవి తిరిగి తెరువబడిన పిమ్మట 1594లో అతడొక ప్రసిద్ధ నాటకసమాజమున భాగస్వామి యయ్యెను.

సుమారు 1595లో అతడు రోమియో జూలియట్ నాటకమును రచించెను. ఇది ఇటలీదేశపు పాతకథ. ఆర్థర్ బ్రూక్ అను కవి దీనిని 1562లో ఇంగ్లీషు పద్యములలో ప్రకటించియుండెను. బ్రూక్ కావ్యమున నెలలతరబడి జరిగిన కథను షేక్స్పియరు నాలుగైదు దినములకు కుదించెను. జూలియట్ వయస్సును పదునాలుగేండ్ల లోపునకు తగ్గించెను. కావుననే ఆ పసివారి తొందరపాటు ప్రేక్షకులకు జాలి గొల్పును.

వెరోనా నగరమున రెండు కుటుంబములకు పూర్వవైరము. ఒక కుటుంబమున రోమియో, రెండవదాన జూలియట్. వారు పరస్పరము ప్రేమించి, ఒక సన్యాసి సాయమున రహస్యముగా వివాహమాడిరి. ఆ దినముననే రోమియో వీధికలహమున చిక్కుకొని, తన మిత్రుని చంపిన జూలియట్ బంధువును చంపి, దేశబహిష్కృతుడయ్యెను. తల్లిదండ్రులు జూలియట్‌ను మరియొకనికిచ్చి పెండ్లిచేయ నిశ్చయింపగా, సన్యాసి ఆమెకు మృతురాలివలె కనుపించునట్లు చేయు నిద్రామందు నిచ్చి, రోమియోకు లేఖ పంపెను. లేఖ గొనిపోవు సన్యాసిని ప్లేగు సోకిన ఇంట నుండెనని శంకించి అధికారులు నిర్బంధించిరి. లేఖ చేరలేదు, మరణవార్త మాత్రము చేరెను. రోమియో సమాధికి వచ్చి విషము త్రాగెను. మేల్కొనిన జూలియట్ కత్తితో పొడుచుకొనెను. బిడ్డల శవముల యెదుట పెద్దలు వైరము మానిరి. ప్లేగువలన తలుపులు మూయబడుట ఆనాటి ప్రేక్షకులు కన్నులార చూచినదే.

1596లో షేక్స్పియరు ఏకైక పుత్రుడు హామ్‌నెట్ పదునొకండవ యేట మరణించెను. ఆ పిమ్మటి సంవత్సరములలోనే హామ్లెట్, ఒథెల్లో, కింగ్ లియర్, మాక్బెత్ అను మహానాటకములు వెలువడెను. తుదకు స్వగ్రామము చేరి 1616 ఏప్రిలు 23వ తేదీన అతడు కీర్తిశేషుడయ్యెను.

అప్పటికి అతని నాటకములలో సగము అచ్చుపడనే లేదు. తోటి నటులైన హెమింజ్, కాండెల్ అనువారు శ్రమకోర్చి 36 నాటకములను 1623లో ఒక సంపుటముగ ప్రకటించిరి. వారే పూనుకొననిచో మాక్బెత్ వంటివి లోకమునకు దక్కకపోయెడివి. ఆ సంపుటప్రతి యొకటి ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయపు బోడ్లీ గ్రంథాలయమున చేరెను. ఆ గ్రంథాలయమును నెలకొల్పిన థామస్ బోడ్లీ నాటకపుస్తకములను నీచముగా నెంచి, వానికి చోటీయవలదని ఆదేశించినవాడు! అచట దానిని గొలుసుతో కట్టి పాఠకుల కందుబాటున నుంచిరి. కొన్ని దశాబ్దములకు క్రొత్త ముద్రణ రాగా పాతప్రతిని అమ్మివేసిరి. 1905లో అది మరల కనబడగా, చందాలు ప్రోగుచేసి 1906లో 3,000 పౌనుల కొనిరి. పరిశీలించి చూడగా అందు మిక్కిలి అరిగిన పుటలు రోమియో జూలియట్ నాటకమునవి. ప్రేమికులు రాత్రివేళ తోటలో సంభాషించు ఘట్టమున కెదుటి పుట చేతుల రాపిడిచే నలిగి చిరిగియుండెను.

నేడును ఈ నాటకము పెక్కు దేశముల పాఠశాలలలో పాఠ్యగ్రంథము. తరగతిలో దీనిని చదువు బాలబాలికలు, ఆ యువతీయువకుల మరణమునకు కారకులెవ్వరని తర్కించుచుందురు. వారి తొందరపాటా, చేరని లేఖయా, పెద్దల పగయా అని వాదములు సాగును. కవి తీర్పు చెప్పలేదు. ఆలోచింపుమని మనకు విడిచెను. చిన్నయూరి పాఠశాలతో చదువు ముగిసిన బాలుడు, తన్ను అపహసించినవారు చదివిన విద్యాలయములకే పాఠము నేర్పువాడయ్యెను. శ్రద్ధతో చదివిన పాఠమొకటి జీవితమున ఎంతటి ఫలమీయగలదో ఈ మహాకవి చరిత్రము చాటుచున్నది.