మిషను ఒకటి ఇచ్చి ఫొటో దిగితే సరిపోతాదా?

రాయదుర్గంలో జీన్సు ప్యాంట్లు కుట్టే వీధుల్లో పొద్దున్నే నడిస్తే మిషన్ల చప్పుడు తప్ప ఇంకోటి ఇనపడదు. మా అక్క ఇరవై ఏండ్లుగా ఆ చప్పుడులోనే ఉండాది. ఆమె ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు వరసగా రెండేండ్లు వానల్లేక బుడ్డల చేను ఎండిపాయ, మా నాయన అప్పు తీర్చేదానికి బెంగుళూరికి బేల్దారి పనికి పాయ, అక్క బడి అంతటితో ఆగిపాయ. నన్ను మటుకు పదో తరగతి దాకా చదివిచ్చినారు. మొగపిల్లోన్ని కదా.

అక్క కుట్టిన కుట్టు ఊడదు. అయితే నెలాఖర్లో ఎన్ని డజన్లు, డజనుకు ఎంత, దారానికని ఎంత పట్టుకున్నారు అనే చీటీ మాత్రం ఆమె రాయదు. వాళ్లు రాసిందే లెక్క. ఒకసారి నేను కూర్చొని కూడితే పద్నాలుగు డజన్లు తక్కువొచ్చినాయి. అడిగితే పని నిలిపేస్తామన్నారు. అక్క నన్నే తిట్టింది, నోరు మూసుకోమని.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి నేను వెతికి వెతికి చదివింది ఆ తర్వాతే. గ్రూప్ పరీక్షలకు చదివే మీకు ఆయమ్మ ఒక బిట్టు ప్రశ్న. ఢిల్లీ పోయినోళ్లకు ఒక మెట్రో స్టేషను పేరు. నాకు మాత్రం ఆయమ్మ బడి ఆగిపోయిన ఆడపిల్ల మళ్లా బడికి పోయే దారి ఏసిన మనిషి.

1909లో రాజమండ్రిలో పుట్టింది. ఎనిమిదేండ్లకే పెండ్లి చేసినారు. పెద్దయినాక ఆ పెండ్లి నాకొద్దని తెగేసి చెప్పి బయటికొచ్చింది. వందేండ్ల కిందటి మాట ఇది, ఈ పొద్దు కూడా మన ఊర్లల్లో ఎంతమంది చెప్పగలరో లెక్కేసుకోండి. చిన్నపిల్లగా ఉన్నప్పుడే హిందీ నేర్చుకుని, తన కంటే పెద్దోళ్లయిన ఆడోళ్లకు పాఠాలు చెప్పింది. 1923లో కాకినాడ కాంగ్రెస్ సభల్లో వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూనే ఆపిందనే కథ మీరు ఇనే ఉంటారు. ఆ కథ అందరూ చెప్తారు కాబట్టి నేను వదిలేస్తా.

ఎవరూ ఎక్కువగా చెప్పని జాగా జైలు. ఉప్పు సత్యాగ్రహంలో పట్టుకుపోయినారు. 1930 నుంచి 33 దాకా మూడుసార్లు లోపలే. మదురై జైల్లో పక్క గదుల్లో ఉండేది హత్య కేసుల్లో శిక్ష పడిన ఆడోళ్లు. వాళ్లల్లో చానామందికి చదువు రాదు, తమ మీద రాసిన కేసులో ఏముందో కూడా తెలీదు. ఎవరో రాసిన కాగితానికి లోపల కూర్చున్నారు. నేను చదివినంతలో ఆయమ్మ బతుకు తిరిగింది ఇక్కడే. లా చదవాలని అక్కడే అనుకుంది. స్కూలు చదువు లేదు, ప్రైవేటుగా కట్టి బెనారస్ మెట్రిక్ పాసయింది. ఆంధ్రా యూనివర్సిటీలో బీఏ ఆనర్సు, 1942లో మద్రాసులో లా పూర్తి.

తనకు పనికొచ్చిన దారినే పదిమందికీ తెరిచింది. మద్రాసులో 1937లో పెట్టిన ఆంధ్ర మహిళా సభలో, బడి మానేసిన ఆడోళ్లను కూర్చోబెట్టి అదే బెనారస్ మెట్రిక్‌కు తయారు చేసినారు. పక్కనే చేతిపనులు నేర్పినారు. చేతికి పని, పనితో పాటు పరీక్ష.

రాజ్యాంగ సభలో కూర్చుంది, ప్రణాళికా సంఘంలో మెంబరయింది, 1953లో కేంద్ర సంఘ సంక్షేమ బోర్డుకు మొదటి అధ్యక్షురాలయింది. అక్కడ ఒక చిక్కొచ్చింది. పల్లెల్లో గ్రామసేవికలు కావాల, పిల్లలకు టీచరమ్మలు కావాల, నర్సులు కావాల. పట్నం పిల్ల పల్లెకు రాదు. పల్లె పిల్లకు చదువు లేదు. దానికి ఆయమ్మ చూపిన మందు 1958లో మొదలైన సంక్షిప్త విద్యా కోర్సులు. నాలుగైదు తరగతులు చదివి మానేసిన పెద్ద ఆడమనిషిని, విధవైనా మొగుడు వదిలేసినా సరే, రెండేండ్లు చదివిచ్చి మిడిలో మెట్రికో రాయిచ్చడం. సర్టిఫికెట్టు ఉంటే జీతం ఉద్యోగానికి దారి పడతాది. మిషను ఒక్కటే ఇస్తే కూలి దగ్గరే ఆగిపోతాది.

అప్పట్లో హైస్కూలు చదువు కూడా మారతా ఉండ్య. మన పక్కన కర్నూల్లో పుట్టిన డాక్టర్ లక్ష్మణస్వామి మొదలియార్ 1952-53లో కమిషన్‌కు పెద్దగా ఉండి, పై తరగతుల్లో ఏడు దోవలు పెట్టమన్నాడు. దాంట్లో కామర్సు ఒకటి, గృహ విజ్ఞానం ఒకటి. చెప్పేదానికి బాగుంది. జరిగింది ఏందంటే లెక్కలు, టైపు మొగపిల్లోల్లకు, వంట, కుట్టు ఆడపిల్లలకు అని గీత పడింది. ఇంటి ఖర్చు ఆడదే నడిపేటప్పుడు పద్దు పుస్తకం ఆమెకెందుకు నేర్పకూడదో నాకు ఈ పొద్దుకీ అర్థం కాదు.

దుర్గాబాయమ్మ 1958-59లో స్త్రీ విద్య మీద జాతీయ కమిటీని నడిపింది. ఆ తర్వాత వచ్చిన జాతీయ స్త్రీ విద్యా మండలికి మొదటి అధ్యక్షురాలు కూడా ఆమే. ఆ మండలి హంసా మెహతా నాయకత్వంలో ఏసిన ఇంకో కమిటీ 1962లో, ఆడా మొగా అని పాఠాలు వేరు చేయొద్దు, ఇంటిపని చదువు మిడిల్ స్కూల్లో ఇద్దరికీ పెట్టాల అనింది. అరవై ఏండ్లు దాటింది తమ్ముల్లారా. మీలో ఎవరికైనా బడిలో సంగటి కెలకడం నేర్పినారా?

ఆయమ్మ చేసిందంతా మా ఎండు నేలకు అందిందని నేను చెప్పను. బోర్డు డబ్బులిచ్చేది స్వచ్ఛంద సంఘాలకు, సంఘం లేని ఊరికి కోర్సు రాదు. మా కరువు ఊర్లల్లో సంఘం పెట్టేంత తీరిక ఎవరికుండ్య? 1981 మే 9న ఆమె పోయినప్పుడు మా అక్క పలక పట్టుకునే వయసులో ఉండాది. ఇప్పుడేమో నలభై ఐదు రోజుల కుట్టు శిక్షణ అంటారు, ఆఖర్న వరసగా నిలబెట్టి ఫొటో తీస్తారు. ధర కట్టడం, పద్దు రాయడం, బ్యాంకు కాగితం చదవడం ఆ నలభై ఐదు రోజుల్లో ఒక్క పూట కూడా ఉండదు. మా వీధిలో అట్లాంటి సర్టిఫికెట్టు ఉన్నోళ్లు ఆరుమంది, ఆరుమందీ చీటీ మీద వేలిముద్రకు బదులు సంతకం పెడతారు, అంతే తేడా.

ఈ ఏడు అక్కకు ఓపెన్ స్కూల్ పదో తరగతికి ఫీజు కట్టినాం. మొదట సిగ్గుపడింది, మనవరాలిని ఎత్తుకునే వయసులో ఏందిరా ఇది అని. లెక్కల పుస్తకం తెచ్చిస్తే, మొన్నటి నెల డజన్ల చీటీ మడిచి దాంట్లో పెట్టుకుంది.