కొలువు విడిచిన అమరజీవి

పొట్టి శ్రీరాములుగారి పేరు వినగనే ఆంధ్ర రాష్ట్రమును, 58 దినముల నిరశనమును మనకు స్మరణకు వచ్చును. ఆ మహాత్యాగపు వెలుగులో వారి తొలి త్యాగము మరుగుపడినది. అది ఉద్యోగ త్యాగము. ప్రభుత్వపు జీతము తీసికొనువారు రాజకీయములందు ఎంతవరకు పాల్గొనవచ్చునను ప్రశ్న పుట్టినపుడెల్ల దానిని తలచుకొనుట ఉపాధ్యాయులకును విద్యార్థులకును మేలు.

వారి పూర్వులది నాటి నెల్లూరు జిల్లాలో, కనిగిరి ప్రాంతమందలి పడమటిపల్లె. గురవయ్య, మహాలక్ష్మమ్మ దంపతులకు శ్రీరాములుగారు 1901 మార్చి 16వ తేదీన మద్రాసులో జన్మించిరి. అచటనే చదివి, పిమ్మట బొంబాయి విక్టోరియా జూబిలీ సాంకేతిక విద్యాలయమున పారిశుద్ధ్య ఇంజనీరింగు నేర్చి, గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేలో కొలువున కుదిరిరి. ఆ రైల్వే 1925లో ప్రభుత్వ నిర్వహణలోనికి వచ్చినది. నెల తిరిగిన జీతము, నిశ్చింతయైన బ్రతుకు. నాటి యువకులు కోరుకొనిన దంతయు అందులో నుండెను.

కాని కాలము వేరు. సహాయ నిరాకరణోద్యమమున గాంధీజీ ప్రభుత్వపు బిరుదులను, కొలువులను, న్యాయస్థానములను విడువుమని దేశమును కోరియుండిరి. 1921 ఏప్రిల్ 7వ తేదీన నెల్లూరు చెంత పెన్నయొడ్డున పల్లిపాడు ఆశ్రమమును వారే ప్రారంభించిరి. పరప్రభుత్వము తన యుద్యోగి ఉద్యమమున చేరుటను సహింపదు. రెండు పడవలపై కాళ్లు మోపుటకు వీలు లేదు.

భార్యయు, పసిబిడ్డయు మరణించుటతో శ్రీరాములుగారి మనసు సంసారమునుండి మరలినది. వారు కొలువునకు రాజీనామా యిచ్చి సబర్మతి చేరిరి. నియమావళికి వెరచి విడువలేదు, ఇష్టపూర్వకముగా విడిచిరి. 1930లో ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు వెళ్లిరి. తరువాతి ఉద్యమములందును నిర్బంధము ననుభవించిరి.

1946లో నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి ఆలయమున హరిజన ప్రవేశమునకై నిరశనము పూని సాధించిరి. వారానికొక దినమైనను హరిజన సేవకు వినియోగింపవలెనని మద్రాసు ప్రభుత్వము ఉత్తరువు లిచ్చునట్లు చేసిరి. కొలువు విడిచిన మనిషి కొలువులోని వారికి పని చూపెను! 1947లో మద్రాసు దేవాలయ ప్రవేశ చట్టము వచ్చినది.

1952 అక్టోబరు 19వ తేదీన మద్రాసులో బులుసు సాంబమూర్తిగారి యింట ఆంధ్ర రాష్ట్రమునకై నిరశనము ప్రారంభించి, డిసెంబరు 15వ తేదీ రాత్రి అసువులు బాసిరి. 1953 అక్టోబరు 1న రాష్ట్ర మేర్పడినది.

స్వతంత్ర భారతమునను ఉద్యోగికి కట్టుబాటు తప్పలేదు. 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తన నియమావళి ప్రకారము ప్రభుత్వోద్యోగి రాజకీయ పక్షమున సభ్యుడు కారాదు. ఎన్నికలలో ప్రచారము చేయరాదు. ఓటు హక్కు మాత్రము కలదు. ఎవరికి వేసినది సూచింపరాదు. ఇది పౌరుని నోరు కట్టుట కాదా యని కొందరడుగుదురు. పరపాలనలో ఆ కట్టుబాటు పాలకులను కాపాడెను. నేడది ప్రజల నమ్మకమును కాపాడవలెను. పోలింగు కేంద్రమున కూర్చుండు ఉపాధ్యాయుడు ఒక పక్షపు మనిషియని తెలిసినచో ఆ పెట్టెను నమ్మువా రెవరు?

ఐతే నియమము పేర మౌనము వహించుటయు తగదు. అంటరానితనమును రాజ్యాంగమే రద్దుచేసినది. తరగతిలో పిల్లలనందరను ఒక్క బల్లపై కూర్చుండబెట్టుట రాజకీయము కాదు, విధి. ఆ హద్దు దాటి పక్షముకొరకు పోరాడదలచిన వానికి శ్రీరాములుగారు నడచిన బాట కలదు: మొదట కొలువు విడువవలెను.

2008లో నెల్లూరు జిల్లాకు వారి పేరు పెట్టిరి. నాటినుండి ఆ జిల్లా కార్యాలయములలో ఉద్యోగులు సంతకము చేయు కాగితములపై, ఉద్యోగము విడిచిన మహనీయుని పేరే నిలిచియున్నది.