గుఱ్ఱమెక్కని అశ్వకోవిదుడు సోమదేవసూరి

వేములవాడ అనగానే తెలుగువారికి రాజరాజేశ్వరుడు స్ఫురిస్తాడు. కోడెను పట్టుకొని గుడిచుట్టూ ప్రదక్షిణం చేసే మొక్కుబడి స్ఫురిస్తుంది. సాహిత్యం చదివినవారికి కన్నడ ఆదికవి పంపడు, అతని ప్రభువు రెండవ అరికేసరి జ్ఞప్తికి వస్తారు. ఆ రాజవంశపు నీడలోనే, పంపని తరువాతి తరంలో, మరొక మహాపండితుడు జీవించినాడు. ఆయన జైనాచార్యుడు సోమదేవసూరి. సంస్కృతంలో యశస్తిలక చంపువును, నీతివాక్యామృతాన్ని రచించిన ప్రాజ్ఞుడు. ఆయన కవితాశైలిని గురించి, రాజనీతిని గురించి పండితులు ఎంతో వ్రాసినారు. ఆ గ్రంథాలలో గుఱ్ఱానికి లభించిన స్థానాన్ని మాత్రం మనం అంతగా తలచుకొనము.

జైనమునికి వాహనారోహణం నిషిద్ధం. ఆయన పల్లకి ఎక్కడు, రథమెక్కడు, గుఱ్ఱమెక్కడు. చీమకైనను హాని కలుగరాదని చూచి చూచి అడుగు వేయడం ఆయన వ్రతం. అట్టివాడు ఉత్తమాశ్వం లక్షణాలేమిటో, అది ఏ దేశంలో పుట్టవలెనో, యుద్ధంలో దాని ప్రయోజనమేమిటో వివరించినాడు. ఎన్నడూ కళ్లెం పట్టని చేతికి ఈ విద్యతో ఏమి పని?

ఈ ప్రశ్నకు సమాధానం ముందుగా ఆ కాలంలోనే వెదకవలెను. వేములవాడ చాళుక్యులు రాష్ట్రకూట చక్రవర్తులకు సామంతులు. చక్రవర్తి పిలిచినప్పుడెల్లా సేనతో తరలిపోవడం వారి విధి. ఈ వంశంలోని బద్దెగుడు నలుబదిరెండు యుద్ధాలలో ఓటమి యెరుగక సోలదగండడని బిరుదు పొందినాడు. ఇట్టి రాజ్యానికి గుఱ్ఱం అలంకారం కాదు, ప్రాణాధారం. అయితే దక్కను నేలమీద మేలుజాతి గుఱ్ఱాలు పుట్టడం తక్కువ. అవి సముద్రం దాటి పడమటి రేవులకు రావలెను. అరబ్బు వర్తకులను రాష్ట్రకూటులు ఆదరించడానికి ఇదియొక కారణం. అంత దూరం నుండి, అంత వెలపెట్టి తెచ్చిన జంతువు అలసి కూలినా, వ్యాధిపడి చచ్చినా రాజ్యం బలం తగ్గినట్లే. కనుక అశ్వపోషణ ఆనాడు రాజనీతిలో భాగమైనది.

సోమదేవుడు యశోదేవుని ప్రశిష్యుడు, నేమిదేవుని శిష్యుడు. గురువు తొంబదిముగ్గురు వాదులను జయించిన తార్కికుడని ప్రతీతి. శిష్యుడును అదే బాట పట్టినాడు. తార్కికచక్రవర్తి, వాదీభపంచానన మొదలైన బిరుదులు ఆయన వాదపటిమను చాటుతున్నవి. బాల్యం నుండి తర్కమనే ఎండుగడ్డి మేసిన తన బుద్ధి అనే గోవు సజ్జనుల పుణ్యం వల్ల కావ్యమనే పాలు ఇచ్చినదని ఆయనే చమత్కరించినాడు. ఆ ఉపమానంలోనే పశువు మేతకు, దాని ఫలితానికి గల సంబంధం తెలిసిన మనిషి కనిపిస్తాడు.

ఆ పాలే యశస్తిలకం. ఎనిమిది ఆశ్వాసాల ఈ చంపువును ఆయన శకం 881, అనగా క్రీ.శ. 959లో గంగాధరలో పూర్తిచేసినాడు. అది అప్పుడు అరికేసరి కుమారుడు వాగరాజుకు రాజధాని. నేటి కరీంనగర్ జిల్లాలోని గంగాధరయే అదని చరిత్రకారులు గుర్తించినారు. చక్రవర్తి మూడవ కృష్ణుడు అప్పుడు దక్షిణదేశాన్ని జయించి మేల్పాటిలో విడిసి ఉన్నాడు.

కావ్యకథ ఉజ్జయిని రాజు యశోధరునిది. దుస్స్వప్నశాంతికై జంతుబలి ఇమ్మని తల్లి బలవంతపెట్టగా, ప్రాణిని చంపలేక, ఆమె మాట కాదనలేక, పిండితో చేసిన కోడిని బలి ఇస్తాడు. చంపవలెనన్న సంకల్పమే పాపమై తల్లినీ కొడుకునూ అనేక పశుపక్షి జన్మలలో త్రిప్పుతుంది. ఈ కథలోనే రాజు పట్టాభిషేక సందర్భంలో విజయవైనతేయమనే గుఱ్ఱం వస్తుంది. శాలిహోత్రుడనే అశ్వాధికారి దాని ఆకృతిని, బలాన్ని, వర్ణాన్ని, జాతిని, వయస్సును, నడకను పరీక్షించి రాజుకు నివేదిస్తాడు. ఆ పేరు యాదృచ్ఛికం కాదు. మన అశ్వశాస్త్రానికి మూలపురుషునిగా పేర్కొనబడే మునిపేరు అది. తరువాతి కాలంలో తెలుగున మనుమంచి భట్టు హయలక్షణ విలాసం వ్రాసినదీ ఈ సంప్రదాయంలోనే. పిండికోడి కథ చెప్పిన కవియే గుఱ్ఱం అవయవాలను ఇంత శ్రద్ధగా చూచినాడంటే, జంతువు ఆయనకు వట్టి ఉపమానం కాదని తెలుస్తున్నది.

యశస్తిలకం తరువాతిది నీతివాక్యామృతం. ముప్పదిరెండు సముద్దేశాలలో, చిన్నచిన్న సూత్రాలలో రాజ్యతంత్రాన్ని ఇమిడ్చినాడు. సేనను గురించి చెప్పేచోట అశ్వబలాన్ని కదిలే కోటగోడగా భావించినాడు. దూరాన ఉన్న శత్రువు దగ్గరవాడగుట, ఆపద వేళ తప్పుకొనుట, మెరుపువలె పైబడుట, ఇవన్నియు దానివల్లనే సాధ్యమన్నాడు. మేలుజాతి గుఱ్ఱాలకు తొమ్మిది పుట్టుచోట్లు పేర్కొన్నాడు. వానిలో తర్జిక, కేకాణ, సింధుపార వంటి పేర్లు ఉన్నవి. రథాన్ని కూడ విడువలేదు. నేల చదునుగా ఉండి, ధనుర్విద్య తెలిసినవారు రథాలపై నిలిస్తే రాజుకు అసాధ్యం లేదని ఆయన అభిప్రాయం. రథబలం నేలను బట్టి, నేర్పును బట్టి ఉంటుందన్న వివేకం ఇందులో ఉన్నది. ఇంద్రునికి, అతని సారథి మాతలికి జరిగిన సంభాషణగా ఆయన మహేంద్రమాతలి సంజల్పమనే గ్రంథం కూడ రచించినాడు. అది నేడు దొరకడం లేదు. రథికునితో సారథికి మాటాడే చనువిచ్చిన ఆ పుస్తకం పోవడం మనకొక లోటు.

శిక్షణను గురించి ఆయన నిర్మొగమాటంగా చెప్పినాడు. శిక్షలేని ఏనుగు ధనానికి, ప్రాణానికి ముప్పు మాత్రమే అన్నాడు. మనిషి వ్యాయామం ఆయుధాల, వాహనాల అభ్యాసంతో సార్థకం కావలెనని, శక్తికి మించిన వ్యాయామం ఆపదకు దారి అని హెచ్చరించినాడు.

అయితే సోమదేవుని హృదయం తెలియవలెనంటే సేనాభాగం కాదు, వార్తా సముద్దేశం చదువవలెను. వార్త అనగా వ్యవసాయం, పశుపోషణ, వాణిజ్యం. తన పశుసంపదను తానే స్వయంగా చూచుకొనని యజమానికి మూడు ఫలితాలు కలుగుతాయని అక్కడ చెప్పినాడు. మొదటిది నష్టం. రెండవది మనస్తాపం. మూడవది పాపం; ఏలయనగా నోరులేని జీవి ఆకలిదప్పులు తీరలేదు. ముసలివానిని, పసివానిని, రోగగ్రస్తమైనవానిని, చిక్కిపోయినవానిని బంధువులవలె పోషించవలెనన్నాడు. అధికమైన బరువు, సుదీర్ఘమైన ప్రయాణం పశువుల అకాలమరణానికి హేతువులన్నాడు.

ఈ మాటలు పశుసంపద నంతటినీ ఉద్దేశించినవి. అయినా బండికి పూన్చిన గుఱ్ఱానికి వీనికన్న తగిన మాటలు లేవు. లాయంలో పనివాడు తెల్లవారుజామున లేచి గుఱ్ఱాన్ని తోమి, మాలీసు చేసి, డెక్కలు శుభ్రపరచి, ఉలవలు పెట్టి, నీళ్లు చూపుతాడు. ఆ వేళ యజమాని కన్ను అక్కడ లేకపోతే ఉలవలు తగ్గవచ్చు, పట్టెడ క్రింద పుండు కనబడకపోవచ్చు. పందెంలో ఓడేది గుఱ్ఱమే అయినా తప్పు యజమానిది. సోమదేవుడు పనివానిని నిందించక యజమానిని నిలదీసినాడు.

గుఱ్ఱాలతో పోటీపడడం ఆయన కాలానికి క్రొత్త కాదు. మూడవ కృష్ణుని మనుమడు నాల్గవ ఇంద్రుడు గుఱ్ఱంపై బంతియాటలో అసమానుడని శ్రవణబెళగొళ శాసనం వర్ణించినది. ఆ రాజు 982లో జైనవ్రతంతో దేహం విడిచినాడు. పన్నెండవ శతాబ్దంలో కల్యాణి చాళుక్యుడు మూడవ సోమేశ్వరుడు మానసోల్లాసంలో రెండు పక్షాలుగా గుఱ్ఱాలపై ఆడే ఇట్టి క్రీడను వివరించినాడు. కాకతీయుల శాసనాలలో కనిపించే సాహిణి అనే పదవి కూడ గజాశ్వశాలల పెత్తనానికి సంబంధించినదే.

నేటి ప్రపంచంలో గుఱ్ఱపుబండ్ల పోటీలు యూరపులోను, అమెరికాలోను ఆదరణ పొందుతున్నవి. మొదట నడక పొందిక, తరువాత దూరప్రయాణం, చివర శంకువుల నడుమ ఒడుపుగా తోలడం అనే మూడు పరీక్షలు అందులో ఉన్నవి. దూరప్రయాణంలో పశువైద్యుడు గుఱ్ఱాన్ని పరీక్షిస్తాడు. అలసిపోయినదానిని ముందుకు సాగనీయడు. సుదీర్ఘమార్గం ప్రాణం తీయునన్న సూత్రం అక్కడ నియమంగా నిలిచినది. మన దేశంలో పశువులపై మోయరాని బరువు వేయడం నేరమని 1960 నాటి జంతుహింసా నివారణ చట్టం శాసించినది. వేములవాడ ఆచార్యుడు దాదాపు వేయి యేండ్లకు పూర్వమే దానిని గృహస్థునికి ధర్మంగా చెప్పియున్నాడు.

సోమదేవుని జీవితంలో మనకు తెలిసిన చివరి తేదీ 966. రెండవ అరికేసరి కుమారుడు బద్దెగుడు లేంబులపాటకంలో, అనగా వేములవాడలో, శుభధామ జినాలయం కట్టించినాడు. దాని జీర్ణోద్ధరణకు, పూజానైవేద్యాలకు అతని కుమారుడు మూడవ అరికేసరి సబ్బినాటిలోని వనికటుపులు గ్రామాన్ని సోమదేవునికి దానమిచ్చినాడు. పర్భణిలో దొరికిన రాగిరేకులు ఈ సంగతి చెప్పుతున్నవి. మరి యేడేండ్లకు, 973లో, రాష్ట్రకూట సామ్రాజ్యమే కూలిపోయినది. ఆ నలుబదిరెండు యుద్ధాల గుఱ్ఱాలు ఎక్కడ పడినవో చెప్పగలవారు లేరు.

నిలిచినది సూత్రం. గుఱ్ఱమెక్కినవాడు దాని వేగాన్ని చూస్తాడు. దాని ప్రక్కన నడచినవాడు దాని అలసటను చూస్తాడు. జీవితమంతా కాలినడకను నడచిన సోమదేవసూరి ఆ రెండవ చూపును రాజులకు నేర్పినాడు. రాజరాజేశ్వరుని సన్నిధిలో కోడె పగ్గం చేతబట్టిన ప్రతివాడును ఆయన మాటను ఒక్కమారు తలచుకొనుట ఉచితం.