ఐపీఎల్ వేలం పుట్టకముందే స్టార్లతో సంతకం చేయించిన విజయనగరం రాజకుమారుడు.. ఎవరీ విజ్జీ?

కోటబొమ్మాళి: ఐపీఎల్ వేలం రోజొస్తే చాలు.. కోటబొమ్మాళి, టెక్కలి కుర్రాళ్లు కూడా ఫోన్లకు అతుక్కుపోతారు. ఎవరు ఏ టీమ్‌కు వెళ్లారు, ఎవరిని వదిలేశారు అని లెక్కలే లెక్కలు. అమెరికా, కెనడాల ఐస్ హాకీ లీగ్‌లోనూ ఇదే తంతు. అక్కడ జులై 1 వచ్చిందంటే కాంట్రాక్ట్ ముగిసిన ఆటగాళ్లు ఫ్రీ ఏజెంట్లు అయిపోతారు. ఆటలు లేని ఆ రోజుల్లోనే కొత్త టీమ్‌లతో సంతకాలు జరిగిపోతాయి.

ఇదంతా ఈ మధ్య వచ్చిన వ్యాపారం అనుకుంటే పొరపాటే. మన ఉత్తరాంధ్ర రాజకుమారుడు ఒకరు 1930లోనే ఈ పని చేసి చూపించారు. విజయనగరంలో విజ్జీ స్టేడియం ఉంది కదా, ఆ విజ్జీనే. అసలు పేరు పూసపాటి విజయానంద గజపతిరాజు.

1905 డిసెంబర్ 28న పుట్టారు. విజయనగరం రాజవంశంలో రెండో కొడుకు. అజ్మీర్‌లోని మేయో కాలేజీలో, ఆ తర్వాత ఇంగ్లండ్‌లో చదువుకున్నారు. తండ్రి చనిపోయాక సంస్థానం అన్నగారికి దక్కింది. విజ్జీ కాశీలోని కుటుంబ ఎస్టేట్‌కు మకాం మార్చారు. చేతిలో డబ్బుంది, టైమ్ ఉంది, క్రికెట్ పిచ్చి అంతకన్నా ఉంది. 1926లో సొంత టీమే పెట్టేశారు. ప్యాలెస్ ఆవరణలోనే గ్రౌండ్ వేయించారు.

అప్పట్లో సంస్థానాల్లో ఇది మామూలే. మచిలీపట్నం మూలాలున్న సీకే నాయుడిని 1923లోనే హోల్కర్ మహారాజు ఇండోర్‌కు రప్పించి తన సైన్యంలో కెప్టెన్ హోదా ఇచ్చారు. ఉద్యోగం సైన్యంలో, అసలు పని గ్రౌండ్‌లో. పటియాలా మహారాజు అయితే విదేశీ ప్రొఫెషనల్ ఆటగాళ్లనే పిలిపించుకునేవారు.

విజ్జీకి ఛాన్స్ 1930లో దొరికింది. ఆ చలికాలం ఇంగ్లండ్ జట్టు, అంటే అప్పటి ఎంసీసీ, ఇండియాకు రావాల్సి ఉంది. ఉప్పు సత్యాగ్రహంతో దేశం అట్టుడుకుతుండటంతో ఆ టూర్ రద్దయింది. ఇంకేముంది, విజ్జీ రంగంలోకి దిగారు. ఇంగ్లండ్ ప్రొఫెషనల్స్‌కు ఆట ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ వరకే. చలికాలంలో కౌంటీ మ్యాచ్‌లు ఉండవు. మనకేమో అదే అసలు సీజన్. సరిగ్గా ఆ ఖాళీలోనే ప్రపంచంలోనే నంబర్ వన్ ఓపెనింగ్ జోడీని పట్టేశారు. జాక్ హాబ్స్, హెర్బర్ట్ సట్‌క్లిఫ్! ఇవాళ్టి లెక్కలో చెప్పాలంటే వేలంలో ఇద్దరు మార్క్యూ ప్లేయర్లను ఒకే టీమ్ ఎగరేసుకుపోయినట్టు.

వాళ్లకు తోడు సీకే నాయుడు. ఇండోర్ నుంచి ముస్తాక్ అలీ అనే కుర్రాడు, అప్పటికి ఇంకా టీనేజరే. ఈ టీమ్ ఇండియా, సిలోన్ అంతా తిరిగి మ్యాచ్‌లు ఆడింది. విదేశీ జట్టు రాని ఏడాది మన కుర్రాళ్లకు హాబ్స్ పక్కన ఆడే అవకాశం దొరికిందంటే ఆ క్రెడిట్ విజ్జీదే. ఆయన్ను ఎంత తిట్టుకునేవాళ్లయినా ఈ మాట ఒప్పుకోవాల్సిందే.

1933-34లో డగ్లస్ జార్డిన్ సేన ఇండియాకు వచ్చింది. కాశీలో విజ్జీ ఎలెవన్ దాన్ని 14 పరుగుల తేడాతో ఓడించింది. ఆ టూర్‌లో ఎంసీసీ ఓడిన మ్యాచ్ అదొక్కటే. కెప్టెన్ విజ్జీనే. అయితే గెలిపించింది మాత్రం మహ్మద్ నిస్సార్ లాంటి బౌలర్లు.

చిక్కంతా అక్కడే వచ్చింది. ఆటగాళ్లను ఎంచుకోవడంలో విజ్జీ దిట్ట. ఆయన ఆట మాత్రం అంతంతే. అయినా ఇండియా కెప్టెన్ కావాలనే కోరిక వదల్లేదు. 1936 ఇంగ్లండ్ టూర్‌కు ఆ పదవి సాధించారు. సీకే నాయుడు అంతటివాడు ఆయన కింద ఆడాల్సి వచ్చింది. జట్టు రెండుగా చీలింది.

తొలి టెస్టుకు ముందే లాలా అమర్‌నాథ్‌ను ఓడెక్కించి ఇంటికి పంపేశారు. లార్డ్స్‌లో ఒక మ్యాచ్‌లో ప్యాడ్లు కట్టించి గంటల తరబడి కూర్చోబెట్టారు, బ్యాటింగ్ ఆర్డర్‌లో వెనక్కి నెట్టేశారు. ఆయన డ్రెస్సింగ్ రూమ్‌లో కోపం వెళ్లగక్కారు. అదే నేరమైంది. మాంచెస్టర్ టెస్టులో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ ఓపెనింగ్‌కు 203 పరుగులు జోడించారు. మర్చంట్‌ను రనౌట్ చేయిస్తే బంగారు వాచీ ఇస్తానని విజ్జీ ముస్తాక్‌కు ఆశ చూపారన్న కథ ఇప్పటికీ క్రికెట్ సర్కిల్స్‌లో తిరుగుతూనే ఉంది. నిజమెంతో గానీ ముస్తాక్ మాత్రం ఆ పని చేయలేదు. ఒకప్పుడు విజ్జీ టీమ్‌లో ఎదిగిన కుర్రాడే ఆ రోజు 112 కొట్టి, విదేశీ గడ్డపై టెస్టు సెంచరీ చేసిన తొలి భారతీయుడయ్యాడు.

సిరీస్ 2-0తో పోయింది. మూడు టెస్టుల్లో విజ్జీ చేసినవి మొత్తం 33 పరుగులు. అదే టూర్‌లో ఆయనకు సర్ బిరుదు వచ్చింది, అది వేరే సంగతి. బాంబే హైకోర్టు చీఫ్ జస్టిస్ సర్ జాన్ బ్యూమాంట్ కమిటీ విచారణ జరిపి 1937లో అమర్‌నాథ్ తప్పేమీ లేదని తేల్చింది. ఫీల్డింగ్ పెట్టడం, బౌలర్లను మార్చడం కూడా కెప్టెన్‌కు తెలియలేదని మొహమాటం లేకుండా చెప్పేసింది. విజ్జీ మళ్లీ టెస్టు ఆడలేదు.

కానీ క్రికెట్‌ను వదల్లేదు. 1954 నుంచి 1957 వరకు బీసీసీఐ అధ్యక్షుడిగా చేశారు. రేడియో కామెంటరీ చెప్పారు. 1958లో పద్మభూషణ్ అందుకున్నారు. విశాఖపట్నం నుంచి కాంగ్రెస్ ఎంపీగా లోక్‌సభకు వెళ్లారు. 1965 డిసెంబర్ 2న కాశీలో కన్నుమూశారు. యూనివర్సిటీ జట్ల మధ్య జరిగే విజ్జీ ట్రోఫీ ఆయన పేరు మీదే.

1930 నాటి ఆ సంతకాల గొడవ మాత్రం రికార్డు పుస్తకాల్లో ఇంకా తేలలేదు. హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలు ఎన్ని అంటే కొందరు 197 అంటారు, కొందరు 199 అంటారు. తేడా వచ్చిన ఆ రెండు సెంచరీలూ విజ్జీ టీమ్‌కు ఆడుతూ కొట్టినవే.