పుట్టుకపై పడిన ముద్రను చెరిపిన వెన్నెలకంటి రాఘవయ్యగారు

మార్టిన్ లూథర్ కింగుగారి పేరు ఎరుగనివారు మన సంఘములలో అరుదు. ఆయన సంఘ కాపరి గనుక సండేస్కూలు పిల్లలకు కూడా ఆయన కథ చెప్పుచుంటాము. 1955లో మాంట్‌గొమరీ పట్టణపు నల్లవారు అవమానము సహించలేక బస్సులెక్కుట మానివేసి నడిచిపోయిన సంగతి, 1963లో బర్మింగ్‌హాములో పోలీసులు పిల్లలని కూడా చూడక కుక్కలను ఉసిగొల్పి నీటి గొట్టములతో కొట్టిన సంగతి, 1964లో పౌరహక్కుల చట్టము వచ్చిన సంగతి మనము విన్నవే. 2020లో మినియాపొలిస్ నగరములో జార్జి ఫ్లాయిడ్ అను నల్లజాతీయుడు పోలీసు మోకాలి క్రింద నలిగి ప్రాణము విడిచినప్పుడు మనమందరము బాధపడ్డాము.

అయితే పుట్టిన తెగను బట్టి మనుష్యులను దొంగలని వ్రాసిపెట్టిన చట్టమొకటి మన నెల్లూరు జిల్లాలోనే అమలు జరిగింది. దానిని తీసివేయించుటకు జీవితమంతా పాటుపడిన పెద్ద మనిషి కూడా మన జిల్లావారే. ఈ రెండు సంగతులు మన పిల్లలలో ఎందరికి తెలుసు? అందుకే ఈ శతవార్షిక సంచికలో వెన్నెలకంటి రాఘవయ్యగారి జీవితమును జ్ఞాపకము చేయదలచాము. ఆయన మన సంఘస్థులు కారు. మన సంఘముల చరిత్రకు మాత్రము ఆయన జీవితముతో సంబంధమున్నది. అది ముందు చెప్పుతాము.

రాఘవయ్యగారు 1897లో నెల్లూరు జిల్లా శింగపేట గ్రామములో జన్మించారు. న్యాయశాస్త్రము చదివి వకీలు అయ్యారు. గాంధీగారి పిలుపు విని స్వాతంత్ర్యోద్యమములో చేరారు. ఆ దినములలో ఆయనవంటి చదువరులు అనేకులు దేశసేవకు దిగారు. కాని ఆయన చూపు ఎక్కువమంది చూడని చోట నిలిచింది. ఆ చోటు యానాదుల గుడిసె.

యానాదులు మన సముద్రతీరమునకు పాతకాపులు. శ్రీహరికోట అడవి, పులికాటు సరస్సు, వాగులు, చెరువు గట్లు వారి ఇల్లు. చేపలు, పీతలు పట్టుట, తేనె తీయుట, మూలికలు తెచ్చుట, వరి చేలలో ఎలుకలు పట్టుట వారి బ్రతుకు. పాము కరిస్తే ఊరివారు పరుగెత్తినది వారి దగ్గరకే. ఇంకొక విచిత్రము చూడండి. పంట చేతికి వచ్చే వేళ రైతులు పొలమునకు, కళ్లమునకు కాపలా పెట్టుకొన్నది కూడా యానాదులనే. ధాన్యము అప్పగించి నిద్రపోవుటకు నమ్మకస్థుడైన మనిషి, ప్రభుత్వపు పుస్తకములో మాత్రము పుట్టుదొంగ!

ఆ పుస్తకము వెనుకనున్న చట్టము పేరు నేరస్థ తెగల చట్టము. 1871లో ఇంగ్లీషు ప్రభుత్వము దానిని మొదట ఉత్తర దేశములో తెచ్చింది. 1911లో మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. 1924లో మరల సవరించి కూర్చారు. ఏ తెగనైనను నేరస్థ తెగ అని ప్రభుత్వము ప్రకటిస్తే చాలును, ఆ ప్రకటన తప్పు అని వాదించుటకు కోర్టులో అవకాశము లేదు. తెగవారి పేర్లు రిజిస్టరులో ఎక్కించి వ్రేలిముద్రలు తీసేవారు. వారు నియమించిన వేళకు హాజరు చెప్పుకోవాలి. చెప్పకుండ ఊరు విడిచిపోతే అదే నేరము. తెగలను సెటిల్‌మెంట్లలో నిర్బంధించుటకు, బిడ్డలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి ఉంచుటకు కూడా చట్టము అధికారమిచ్చింది. చేపల కొరకు వాగు వెంట పోయే మనిషికి ఇది ఎంత సంకెలయో ఆలోచించండి. దొంగతనము ఎక్కడ జరిగినను పోలీసులకు వెదకే పని లేదు, పుస్తకములో పేర్లు సిద్ధముగా ఉన్నవి.

ఇక్కడనే మన చరిత్ర వస్తుంది. ఈ సెటిల్‌మెంట్లు కొన్నిటిని ప్రభుత్వము క్రైస్తవ మిషనులకు అప్పగించింది. బాపట్ల దగ్గర స్టూవర్టుపురములో సాల్వేషన్ ఆర్మీ వారు, మన కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషను వారు ఎరుకలవారిని ఉంచిన సెటిల్‌మెంట్లను నడిపించారు. వారు బడులు పెట్టారు, పని నేర్పారు, మందులిచ్చారు. ఆ మేలును మనము కాదనము. ఐతే హాజరు పట్టీ కూడా వారి చేతిలోనే ఉండేది. ఒక చేత సువార్త, ఒక చేత పోలీసు రిజిస్టరు పట్టుకొన్నందున ఆ బీదలు మనలను ఏమని తలంచి ఉంటారు? నూరేండ్ల పండుగ చేసుకొనే సంఘము ఈ ప్రశ్నను దాటిపోరాదు.

రాఘవయ్యగారు పని మరియొక వైపునుండి ప్రారంభించారు. యానాదులను బాగుచేయవలెనని కాక, వారిపై జరిగే అన్యాయమును బాగుచేయవలెనని బయలుదేరారు. వారిని సంఘముగా కూడగట్టారు, గుడిసెలకు వెళ్లి వారి మధ్య కూర్చున్నారు, పిల్లల చదువు కొరకు శ్రమపడ్డారు. నేరస్థ తెగల చట్టము పోవాలని ఏండ్ల తరబడి పట్టుబట్టారు. 1946లో టంగుటూరి ప్రకాశం పంతులుగారు మద్రాసు మంత్రివర్గమునకు నాయకులైనప్పుడు ఆయన వద్ద పార్లమెంటరీ కార్యదర్శిగా ఉన్నారు.

1947లో మద్రాసు రాష్ట్రములో ఆ చట్టము రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. నేటికిని విముక్త జాతులవారు ఆ దినమును పండుగగా చేసుకొంటారు. స్వతంత్రము వచ్చిన ఐదేండ్ల తరువాత గాని ఆ జనులకు స్వతంత్రము పూర్తిగా రాలేదన్నమాట. ఇది ఒక్కరి వలన జరిగిన పని కాదు, దేశములో అనేకులు పోరాడారు. మన ప్రాంతములో ఆ భారమును మోసినవారిలో రాఘవయ్యగారు ముఖ్యులు.

చట్టము పోగానే ఆయన ఇంటికి వెళ్లి విశ్రమించలేదు. ఆదిమజాతి సేవక సంఘము ద్వారా గిరిజనుల సేవ కొనసాగించారు. 1962లో యానాదులను గూర్చి ఇంగ్లీషులో గ్రంథము ప్రచురించారు. తరువాత సంచార జాతులను గూర్చి, గిరిజనుల తిరుగుబాట్లను గూర్చి కూడా వ్రాశారు. పోలీసు రిజిస్టరులో తప్ప ఎక్కడను పేరు లేని జనులకు ఆయన చరిత్ర పుస్తకములో స్థలమిచ్చారు. 1973లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మభూషణ్ బిరుదు ఇచ్చింది. 1981లో ఆయన కన్నుమూశారు.

చట్టము పుస్తకములోనుండి పోయింది. మనస్సులోనుండి పోయిందా? ఈ మాట ఇతరులను తప్పుపట్టుటకు వ్రాయుటలేదు. కొంతకాలము క్రిందట మేము పరిచర్య చేసిన ఒక తీర గ్రామములో దేవాలయపు మైకు సెట్టు కనబడలేదు. ఆవరణ ఊడ్చే పిల్లవాడు ప్రక్కనున్న యానాది కాలనీవాడు. అందరి చూపు వానిమీదనే పడింది. ఎవరో స్టేషనులో చెప్పుదామన్నారు. మేము వద్దనలేదు. వానిని తీసుకొనిపోయి సాయంకాలము వరకు కూర్చుండబెట్టారు. వాని తల్లి మధ్యాహ్నమంతా దేవాలయము మెట్లమీద కూర్చున్నది, ఒక్క మాట కూడా అనలేదు. దీపాల వేళకు మైకు సెట్టు తిరిగి వచ్చింది. సంఘస్థులొకరు పెండ్లికని చెప్పకుండ తీసుకొనిపోయారట. వారిని ఎవరును ఏమియు అడగలేదు. మరునాడు మేము కాలనీకి వెళ్లి క్షమాపణ చెప్పుకొన్నాము. తల్లి తల ఊపింది. పిల్లవాడు మరల దేవాలయమునకు రాలేదు.

నజరేతునుండి మంచిది రాదని తలంచిన నతనయేలును గూర్చి మేము ఎన్ని ప్రసంగములు చేసి ఉంటామో! ఆ దినము మా అనుమానమునకు ఆధారమేమని ఎవరైన అడిగి ఉంటే, వాని పుట్టుక తప్ప వేరొక జవాబు మా దగ్గర లేదు. రాఘవయ్యగారు రద్దు చేయించిన చట్టమును ఆ పూట మేమే మరల అమలు జరిపాము.

గనుక ప్రియ సంఘస్థులారా, అమెరికాలోని అన్యాయమును విని నిట్టూర్చుట మంచిదే. దానితోపాటు మన ఊరి చివర కాలనీకి కూడా ఒకసారి నడిచిపోదాము. అక్కడి బిడ్డల పేర్లు తెలిసికొందాము. ఏదైన వస్తువు పోయినప్పుడు మన వ్రేలు మొదట ఎటు చూపుచున్నదో కనిపెట్టుకొందాము. ఎవరినైన ఊరకనే స్టేషనుకు తీసుకొనిపోతే వెంట వెళ్లి వారి ప్రక్కన నిలబడదాము. పద్మభూషణుని బొమ్మకు దండ వేయుట కంటె ఆయన జ్ఞాపకమునకు అది తగిన మర్యాద అని మేము నమ్ముచున్నాము.