కోర్నీలియా సోరాబ్జీ: ఒక నవలానాయికకు మాతృక

పశ్చిమ తీరపు పార్శీ కుటుంబముల పూర్వచరిత్రను విచారించినచో పెక్కింటి మూలము సూరతులో తేలును. ఓడల నిర్మాత లౌజీ నస్సర్‌వాన్‌జీ వాడియా 1736లో సూరతునుండియే బొంబాయికి తరలెను. ఆ రేవు క్షీణించుకొలది వర్తకులును, పనివారును ఆయన త్రోవనే పట్టిరి. ఇట్లు పెరిగిన బొంబాయి పార్శీ సమాజమును 1921 నాటి నేపథ్యమున నిలిపి సుజాతా మాసీ ఆంగ్లమున అపరాధపరిశోధక నవలలు రచించినది. వానియందు నేరమును శోధించునది పోలీసు కాదు. పెర్వీన్ మిస్త్రీ యను స్త్రీ న్యాయవాది. మొదటి నవల ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’ (2018)ను సూరతు ప్రయాణమున రైలులో చదువుచుండగా నా మనస్సు కథను విడిచి, ఆ పాత్రకు మాతృకలైన వారిలో ప్రధానురాలగు కోర్నీలియా సోరాబ్జీ జీవితముపైకి పోయినది.

కోర్నీలియా 1866 నవంబరు 15న నాసికులో జన్మించెను. తండ్రి క్రైస్తవము స్వీకరించిన పార్శీ. తల్లి ఫ్రాన్సీనా పూనాలో పాఠశాలలు స్థాపించినది. కోర్నీలియా దక్కను కళాశాలలో ప్రథమురాలుగా ఉత్తీర్ణురాలైనను, ఇంగ్లండు చదువునకు లభింపవలసిన ప్రభుత్వ వేతనము ఆమె స్త్రీయగుటచే లభింపలేదు. కొంతకాలము అహమ్మదాబాదు గుజరాతు కళాశాలలో పురుష విద్యార్థులకు ఆంగ్లము బోధించెను. పిదప ఆంగ్ల మిత్రుల ధనసహాయముతో 1889లో ఆక్స్‌ఫర్డు చేరి, 1892లో న్యాయశాస్త్ర పరీక్ష వ్రాసెను. పరీక్షకు అనుమతించిన విశ్వవిద్యాలయము పట్టమునకు అనుమతింపలేదు. ఆ పట్టము ఆమె చేతికి వచ్చుటకు ముప్పది సంవత్సరములు పట్టినది.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట 1896లో పూనాలో ఒక హత్యాభియోగమున నిందితుని పక్షమున వాదించెను. బొంబాయిలో 1897లోను, అలహాబాదులో 1899లోను పరీక్షలు గెలిచినను న్యాయవాదుల పట్టికలో ఆమె పేరు చేరలేదు. సంస్థానములలో మాత్రము అడ్డు లేకపోయెను. పంచమహలు ప్రాంతమున ఒక యేనుగు మేతకై కేటాయించిన తోటను గూర్చిన వ్యాజ్యములో ప్రతివాదియు, న్యాయాధిపతియు ఆ రాజే! ఆయన పెంపుడు కుక్క తనతో చెలిమి చేయుటచే తీర్పు తనకు అనుకూలమైనదని ఆమె ఆత్మకథ ‘ఇండియా కాలింగ్’ (1934) తెలుపుచున్నది. నవలాకారులు కల్పింప వెనుకాడు ఘట్టమిది.

ఆమె జీవితమునకు సారభూతమైన కార్యము 1904లో ఆరంభమయ్యెను. వంగదేశపు కోర్టు ఆఫ్ వార్డ్సు క్రిందనున్న ఘోషా స్త్రీలకు న్యాయసలహాదారుగా ఆమె నియుక్తురాలయ్యెను. ఈ యేర్పాటు తెలుగువారికి క్రొత్త కాదు. చెన్నపురి రాజధానిలో 1804 నుండియు కోర్టు ఆఫ్ వార్డ్సు ఉండెను, మన జమీందారీలు కొన్ని దాని పాలనలో నడచెను. ఘోషాలోని వితంతువు ఎస్టేటునకు స్వామిని యైనను పరపురుషునకు కనబడరాదు. న్యాయస్థానము మెట్లెక్కరాదు. దివానో, దాయాదియో తెర చాటునుండి అందించిన కాగితముపై వేలిముద్ర వేయుటయే ఆమె ఎరిగిన వ్యవహారము. కోర్నీలియా ఆ తెర దాటి లోనికి పోగలిగెను. ఆమె సహాయము పొందిన స్త్రీలును, అనాథ బాలురును సుమారు ఆరువందలు.

నవలాకర్త్రి గ్రహించినది ఈ ప్రవేశాధికారమునే. మలబారు కొండపై ఘోషాలో నున్న మువ్వురు వితంతువులు తమ మెహరును వక్ఫునకు ధారపోయుచున్నట్లు వచ్చిన పత్రమును చూచి పెర్వీన్ అనుమానపడును. ఆమెయే లోనికి పోవును. హత్య తరువాత వచ్చిన పోలీసులకు ఆ వాకిలి తెరచుకొనదు. సాధారణముగా పరిశోధకునకు బుద్ధిసూక్ష్మత యుండిన చాలునందుము. ఇచట ద్వారము దాటు హక్కు దానికంటె ముఖ్యము. రెండవ నవల ‘ది సాటాపూర్ మూన్‌స్టోన్’ (2019)లో సంస్థానపు అంతఃపురమునకు నాయికను పంపుట కోర్నీలియా ఉద్యోగమునకు మరింత సన్నిహితము.

కాని మాతృకకును ప్రతిమకును ఒకచోట పొత్తు కుదరదు. పెర్వీన్ స్వాతంత్ర్యోద్యమముపై సానుభూతి గలది. కోర్నీలియా కడవరకు ఆంగ్ల ప్రభుత్వపక్షపాతి. గాంధీజీ ఉద్యమమును నిరసించినది. 1927లో వెలువడిన కాథరీన్ మేయో ‘మదర్ ఇండియా’ను సమర్థించి స్వదేశ స్త్రీలలో పలువురి ఆదరమును పోగొట్టుకొన్నది. రచయిత్రి ఈ చేదును వదలి మిఠాన్ టాటా లామ్ వంటి తరువాతి తరపు పార్శీ న్యాయవాదిని కూడ కలిపి నాయికను మలచినది. ఆ స్వాతంత్ర్యము ఆమెకున్నది, కాదనను. అయినను, పరప్రభుత్వపు అధికారపత్రముతోనే ఘోషా స్త్రీకి మేలు చేయవలసివచ్చిన ఒక వ్యక్తి అంతర్వైరుధ్యము నవలకు దక్కకపోవుట నష్టమనియే నా తలంపు. ఆ పత్రము లేనిచో దివాను ఆమెను గుమ్మము త్రొక్కనిచ్చెడివాడు కాడు.

అలహాబాదు హైకోర్టు 1921లో ఆమెను చేర్చుకొనెను. 1923 నాటి శాసనము స్త్రీలకు న్యాయవాదవృత్తిలోని అడ్డును తొలగించెను. ఆ సంవత్సరమున ఆమెకు ఏబది యేడు నిండెను. కలకత్తాలో 1924 నుండి వృత్తి నడపి, 1929లో విరమించి లండనులో స్థిరపడి, 1954 జులై 6న అచటనే మరణించెను. లండనులోని లింకన్స్ ఇన్‌లో 2012లో ఆమె శిరోవిగ్రహము నుంచిరి. ఆమె కాగితములు బ్రిటిష్ లైబ్రరీలో నున్నవి.